డీపీసీ డాక్టర్ ఇచ్చే కిట్‌తో పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ అయిపోతుందా?

ప్రశ్న: నాకు 46. అమెరికాలో ఉంటాం. డైరెక్ట్ ప్రైమరీ కేర్ (డీపీసీ)లో నేరుగా డాక్టర్‌కే నెలనెలా ఫీజు కడుతున్నాను, విడిగా హై డిడక్టిబుల్ ఇన్సూరెన్స్ (ముందు పెద్ద మొత్తం మన జేబులోంచి కట్టాకే వాళ్లు కట్టేది) ఉంది. డాక్టర్ గారు మల పరీక్ష కిట్ ఇస్తానంటున్నారు. అది సరిపోతుందా, లేక కొలొనోస్కోపీకే (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) వెళ్లాలా? ఖర్చు ఎవరిది?

జవాబు: మీకు లక్షణాలేవీ లేకపోతే, అమ్మానాన్నలకి గానీ తోబుట్టువులకి గానీ ఈ క్యాన్సర్ రాకపోయి ఉంటే, ఆ కిట్‌తో (మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్, FIT, పరీక్ష) మొదలుపెట్టొచ్చండీ. కానీ అది తీసుకునే రోజే ఒక మాట అడగండి: పాజిటివ్ వస్తే కొలొనోస్కోపీ ఎక్కడ, ఎంత అవుతుంది? నేను అడగలేదు. తర్వాత చాలా టెన్షన్ పడ్డాను.

మేముండేది డాలస్ దగ్గర. మావారిది సొంత వ్యాపారం కాబట్టి ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ వెబ్‌సైట్) కొనుక్కున్నాం, డీపీసీకి నెలకి 85 డాలర్లు. నాకు 47 వచ్చినప్పుడు చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారు తీరిగ్గా కూర్చోబెట్టి, మా వంశంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో వచ్చింది అని అడిగారు. నాకు తెలియదు. ఆ రాత్రే తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "మీ పెదనాన్న కడుపు నొప్పితో పోయారమ్మా, అంతే తెలుసు" అంది. మన ఇళ్లల్లో చాలామందికి తెలిసేది అంతే. మీరు కూడా ముందు ఇంటికి ఫోన్ చేసి అడగండి. అమ్మానాన్నలకో తోబుట్టువులకో వచ్చి ఉంటే కిట్ పనికిరాదు, నేరుగా కొలొనోస్కోపీయే. అదీ 40 ఏళ్లకి, లేదా వాళ్లకి బయటపడిన వయసుకి 10 ఏళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు. మలంలో రక్తం కనిపిస్తున్నా కిట్ వద్దు. పైల్స్ అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకోకండి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

మామూలు రిస్క్ ఉన్నవాళ్లకి మొదలుపెట్టే వయసుని ఇక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల బృందం 2021లో 50 నుంచి 45కి తగ్గించింది. ఫిట్ అయితే ఏటా చేయించుకోవాలి. కొలొనోస్కోపీలో ఏమీ లేకపోతే మళ్లీ 10 ఏళ్లకి.

నా కిట్ తొమ్మిది రోజులు బాత్రూమ్ షెల్ఫ్ మీదే ఉండిపోయింది. "పంపారా?" అని డాక్టర్ గారే మెసేజ్ పెట్టాక పంపాను. పాజిటివ్ వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి, పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, లోపల చూడకుండా వదలకూడదని మాత్రమే అర్థం అన్నారు. కొలొనోస్కోపీలో రెండు చిన్న పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెలు) తీశారు. అవి అడినోమాలు, అలాగే వదిలేస్తే కొన్నేళ్లకి క్యాన్సర్‌గా మారగల రకం. మళ్లీ 7 ఏళ్లకి రమ్మన్నారు.

తర్వాత 1,180 డాలర్ల బిల్లు వచ్చింది. స్క్రీనింగ్ (లక్షణాలు లేకుండా ముందుజాగ్రత్తగా చేసేది) బదులు డయాగ్నోస్టిక్ (జబ్బు అనుమానంతో చేసేది) అని కోడ్ వేశారు. నిజానికి మల పరీక్ష పాజిటివ్ వచ్చాక చేసే కొలొనోస్కోపీ కూడా స్క్రీనింగ్‌లో భాగమే. 2022 మే 31న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ప్లాన్ సంవత్సరాలకి, నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్ వాళ్లతో ఒప్పందం ఉన్న చోట) చేయించుకుంటే, డిడక్టిబుల్ లేకుండా ఇన్సూరెన్సే కట్టాలి. పాలిప్ తీసినా అంతే. డీపీసీ డాక్టర్ గారు ఉత్తరం రాసిచ్చారు, నేను బిల్లింగ్ వాళ్లని 33 మాడిఫయర్‌తో (ఇది ముందుజాగ్రత్త పరీక్షే అని చెప్పే కోడ్) మళ్లీ పంపమన్నాను. రెండు నెలలు తిరిగాక బిల్లు సున్నా అయింది. హెల్త్ షేరింగ్ (సభ్యులు ఒకరి వైద్య ఖర్చులు ఒకరు పంచుకునేవి), షార్ట్ టర్మ్ (కొన్ని నెలల తాత్కాలిక) ప్లాన్లకి మాత్రం ఈ నియమం వర్తించదు. మీది అలాంటిదైతే డాక్టర్, సెంటర్, మత్తు, పాథాలజీ నాలుగూ కలిపి క్యాష్ ధర ముందే రాయించుకోండి. లేకపోతే ఒక్కొక్కరి నుంచీ ఒక్కో బిల్లు వస్తుంది. డీపీసీ ఫీజు ఇన్సూరెన్స్ కాదు, ఆపరేషన్ లాంటివి అందులోకి రావు.

ప్రెప్ (కొలొనోస్కోపీకి ముందు మందు తాగి పేగు ఖాళీ చేసుకోవడం) గురించి భయపడకండి. ముందు రోజుల్లో తెల్లన్నం, గుడ్డు తిన్నాను. ఆకుకూరలు, నువ్వులు, గింజలు మానేశాను. ముందు రోజంతా తేట ద్రవాలే, ఎరుపు రంగువి వద్దన్నారు. రెండో డోసు తెల్లవారుజామున 4 గంటలకి. ఫ్రిజ్‌లో చల్లబరిచి స్ట్రాతో తాగితే దిగింది. మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లడానికి ఒకరు ఉండాలి.

మీ ప్లాన్ హెచ్‌ఎంఓనా (సాధారణంగా వాళ్ల నెట్‌వర్క్ డాక్టర్ రిఫరల్ కావాల్సింది), పీపీఓనా (సాధారణంగా రిఫరల్ అక్కర్లేనిది) చెప్పండి. హెచ్‌ఎంఓ అయితే నెట్‌వర్క్‌లో లేని డీపీసీ డాక్టర్ రాసిన రిఫరల్ చెల్లకపోవచ్చు, కిట్ కంటే ముందు అది కనుక్కోవాలి.