ఏళ్లుగా ఆడుతున్న క్లాస్ తీరే మారిపోతే దాన్ని కొనసాగించాలా?

ఆన్‌లైన్ గేమ్‌లో ఎన్నో ఏళ్లుగా ఆడుతున్న క్లాస్‌ను (పాత్ర రకాన్ని) ఒక అప్‌డేట్‌లో పూర్తిగా మార్చేశారనీ, పది రోజులుగా ప్రయత్నిస్తున్నా పట్టు దొరకడం లేదనీ, దాన్నే కొనసాగించాలా లేక వేరే క్లాస్ మొదలుపెట్టాలా అనీ మీరు అడిగారు. ఇప్పుడే వదలవద్దన్నది నా సలహా. అయితే దాన్ని మీకు తెలిసిన క్లాస్‌గా కాకుండా, పేరు మాత్రమే మిగిలిన కొత్త క్లాస్‌గా భావించి మొదటి నుంచి నేర్చుకోవాలి. నేను ఈ విషయాన్ని చాలా ఆలస్యంగా గ్రహించాను.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో నేను సర్వైవల్ హంటర్‌ను ఆడేవాడిని. హంటర్ అంటే క్లాస్, సర్వైవల్ అంటే అందులోని ఒక స్పెక్, అంటే ఆడే శాఖ. 2016లో లీజియన్ అనే పెద్ద విస్తరణ వచ్చేవరకూ అది విల్లో తుపాకీయో పట్టుకొని దూరం నుంచి పోరాడే స్పెక్. లీజియన్‌లో దాని చేతికి ఈటె వచ్చింది. అంతవరకు 40 గజాల దూరంలో నిలబడిన మనిషి ఒక్కసారిగా బాస్ (బలమైన పెద్ద శత్రువు) కాళ్ల దగ్గరికి వెళ్లి కొట్టవలసి వచ్చింది. దూరం పోవడమే అసలు కష్టమని మొదట్లో అనుకున్నాను గానీ, దానికి రెండు మూడు రోజుల్లోనే అలవాటుపడ్డాను. నన్ను వారాల తరబడి ఇబ్బంది పెట్టింది ఒకే ఒక్క కీ.

పాత తీరులో ఎక్స్‌ప్లోజివ్ షాట్ అనే దెబ్బను ఒకటో నంబరు కీ మీద పెట్టుకున్నాను. అది సిద్ధం కాగానే నొక్కడమే దాని సూత్రం కాబట్టి, ఆలస్యం చేస్తే నష్టమని నా వేలికి ఏళ్లుగా అలవాటైపోయింది. కొత్త తీరులో ముఖ్యమైన దెబ్బ మంగూస్ బైట్ కాబట్టి, ఆలోచించకుండా దాన్నీ అదే కీ మీద పెట్టాను. కానీ దాని స్వభావం సరిగ్గా వ్యతిరేకం. లీజియన్‌లో దానికి 3 ఛార్జ్‌లు, అంటే నిల్వ ఉంచుకోగలిగే దెబ్బలు, ఉండేవి. ఒక్కసారి కొట్టగానే 14 సెకన్ల గడువు మొదలయ్యేది. ఆ గడువులో కొట్టే ప్రతి దెబ్బా తరువాతి దెబ్బ బలాన్ని 50 శాతం చొప్పున, గరిష్ఠంగా 6 మెట్ల వరకు పెంచేది. మధ్యలో ఎన్ని దెబ్బలు కొట్టినా ఆ గడువు పెరిగేది కాదు. అంటే ఛార్జ్‌లన్నీ నిండేదాకా ఓపిక పట్టి, ఆ తరువాత వరుసగా కొట్టవలసి వచ్చేది. నా వేలు మాత్రం ఒక్క ఛార్జ్ రాగానే నొక్కేసేది. పోరాటం ముగిశాక కంబాట్ లాగ్ (పోరాటంలో జరిగిన దెబ్బల జాబితా) తెరిచి చూస్తే, ప్రతి గడువూ రెండో మెట్టు దగ్గరో మూడో మెట్టు దగ్గరో ఆగిపోయి కనిపించేది. స్పెక్ బలహీనంగా ఉందని అందరితో అన్నాను, నిజంగా నమ్మి అన్నాను. చివరికి ఆ దెబ్బను బొటనవేలి దగ్గరి మౌస్ బటన్‌కు మార్చి, ఒకటో నంబరు కీని పూర్తిగా ఖాళీగా వదిలేశాను. ఆ వారంలోనే ఐదారు మెట్లు చూడగలిగాను.

అందువల్ల మీరు ముందుగా చేయవలసింది యాక్షన్ బార్లన్నీ, అంటే తెరమీద దెబ్బల బటన్లు ఉండే వరుసలన్నీ, ఖాళీ చేయడం. పాత స్పెల్ పేరు అలాగే ఉన్నా, దాని పని మారి ఉంటే దాన్ని పాత చోట పెట్టకండి. ట్రైనింగ్ డమ్మీ (సాధనకు పెట్టిన బొమ్మ) మీద సాధన చేస్తే వరుస అలవాటవుతుంది గానీ, డమ్మీ కదలదు, తిరిగి కొట్టదు. కాబట్టి అరగంట చాలు. ఆ తరువాత తెలిసినవాళ్లతో సులువైన డంజన్లకు (జట్టుగా వెళ్లి పోరాడే చోట్లకు) వెళ్లండి, కొత్త తీరు నేర్చుకుంటున్నానని ముందే చెప్పండి. టాలెంట్లను, అంటే పాత్రకు ఎంచుకునే అదనపు సామర్థ్యాలను, ఒకేసారి అన్నీ మార్చకుండా ఒక్కొక్కటిగా మార్చితేనే దేనివల్ల ఏం జరిగిందో తెలుస్తుంది. డ్యామేజ్ మీటర్‌లో పక్కవాళ్ల అంకెలు కాదు, మీ నిన్నటి అంకెలు చూడండి.

మీరు హీలర్ (జట్టుకు వైద్యం చేసే ఆటగాడు) అయితే మార్పు వేళ్లలో కాక చూపులో ఉండవచ్చు. అదే లీజియన్‌లో డిసిప్లిన్ ప్రీస్ట్ అనే హీలర్ స్పెక్ కూడా మారింది. ఎవరి హెల్త్ బార్ పడిపోతే వాళ్లకు వైద్యం చేయడం సాధారణంగా హీలర్ పని; కానీ ఆ స్పెక్ ముందుగా మిత్రుల మీద అటోన్‌మెంట్ అనే ప్రభావాన్ని పెట్టి, ఆ తరువాత శత్రువును కొట్టాలి, ఆ డ్యామేజ్‌లో కొంత భాగం వాళ్లందరికీ వైద్యంగా అందుతుంది. దెబ్బ తగిలాక స్పందించే హీలర్‌కు అక్కడ ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది; బాస్ పెద్ద దెబ్బ ఎప్పుడు వేస్తాడో తెలుసుకొని కొన్ని సెకన్ల ముందే సిద్ధపడాలి. నేను దాన్ని నేర్చుకునేటప్పుడు హెల్త్ బార్లను తెర మధ్య నుంచి పక్కకు జరిపి, వాటి స్థానంలో బాస్ టైమర్లను పెట్టుకున్నాను. చూపు మారాకే ఆట మారింది.

ఇంతా చేశాక కూడా నచ్చకపోతే, ఆ క్లాస్‌లో మీకు నచ్చినది నిజంగా ఏమిటో ఆలోచించండి. నాతో పాటు సర్వైవల్ ఆడిన ఒక మిత్రుడికి దూరం నుంచి మైదానమంతా చూస్తూ ఆడటమే ఇష్టం. కొత్త తీరును బాగానే నేర్చుకున్నాడు గానీ అందులో ఆనందం దొరకలేదు. అతను హంటర్‌ను వదలలేదు, మార్క్స్‌మన్‌షిప్ స్పెక్‌కు మారాడు, ఇప్పటికీ అదే ఆడుతున్నాడు. నాకు మాత్రం ఉచ్చులూ, పక్కనే పోరాడే పెంపుడు జంతువూ, సమయం చూసి కొట్టడమూ ఇష్టం. అవన్నీ ఈటెతోనూ దొరికాయి కాబట్టి సర్వైవల్‌లోనే ఉండిపోయాను. మీ క్లాస్, స్పెక్ ఏవో, మార్పుకు ముందు మీరు ఎక్కువగా నొక్కే కీ ఏదో రాస్తే, దాని స్థానంలో ఏం పెట్టుకుంటే బాగుంటుందో నాకు తెలిసినంతలో చెబుతాను.