ఎండలకు జుట్టు పీచులా అయిపోతోంది, ఏం రాసుకోవాలి?

విజయవాడలో రోజూ స్కూటర్ మీద ఉద్యోగానికి వెళ్తున్నానని, మార్చి వచ్చేసరికి జుట్టు పీచులా తయారై చివర్లు రాగి రంగుకు తిరిగాయని రాశారు. ఇంట్లో అందరూ ఒంట్లో వేడి వల్లే అంటున్నారని, ఏ నూనె వాడాలో, ఏ సీరం కొనాలో చెప్పమని అడిగారు. నాదీ ఇదే ఊరు, ఇదే ఎండ. బడిలో పాఠాలు చెబుతాను. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలకు సంబరంగానే ఉంటుంది. మాకు మాత్రం సరిగ్గా సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఇంటిదారి పట్టడం తప్పదు. నడుము దాకా ఉన్న జడతో ఏళ్ల తరబడి ఆ ఎండలో తిరుగుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. రాసుకునేవాటి సంగతి తర్వాత చూద్దాం, ముందు కప్పుకోండి.

కారణం ఏమిటంటే, తల మీద చర్మానికి ప్రాణం ఉంది, బయటికి వచ్చిన వెంట్రుకకు లేదు. అందులో రక్తం పారదు, నరం ఉండదు. కెరటిన్ అనే ప్రోటీనుతో అల్లిన పోగు, దానిమీద పొలుసులు పేర్చిన పల్చటి పొర, అంతే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ ప్రోటీనును దెబ్బతీస్తాయి, నలుపునిచ్చే మెలనిన్‌ను వెలిసిపోయేలా చేస్తాయి. మీ రాగి రంగు అక్కడినుంచే వచ్చింది. చర్మం కందితే నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది, వెంట్రుకకు ఆ వీలు లేదు. పైగా జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన పొడవాటి జడ చివర ఉన్నది నాలుగైదేళ్ల నాటి వెంట్రుక. అన్ని వేసవులూ దానిమీదుగానే పోయాయి. దానికి ఇప్పుడు పోషణ అందించడం ఎవరి తరమూ కాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

హెల్మెట్ ఉంది కదా, మళ్లీ గుడ్డ ఎందుకంటారేమో. హెల్మెట్ కప్పేది మాడునే. వెనక వేలాడే జడ అటు ఎండకీ ఇటు గాలికీ దొరికిపోతుంది. నేను చేసేది ఇది. జడ వదులుగా అల్లి, మెడ దగ్గర కిందుగా ముడి వేస్తాను. నడినెత్తిన ముడి పెడితే హెల్మెట్ నొక్కి అక్కడే తెగుతుంది. పాత నేత చీర ఒకటి మీటరు ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్నాను. ఒక ముక్కను రెండు మడతలు వేసి, నుదుటి మీదినుంచి వెనక్కి తెచ్చి, ముడి మొత్తం లోపలికి వచ్చేలా చుట్టి కట్టేస్తాను. ఆ పైన హెల్మెట్. పల్చటి తెల్ల గుడ్డ ఒక్క పొరే అయితే కిరణాలు చాలావరకు దాటిపోతాయి, అందుకే రెండు మడతలు. నేత చిక్కగా ఉంటే ఒకటి చాలు. పాలిస్టర్ చున్నీ మాత్రం వద్దు, చెమట పీల్చదు. కొత్త చీర కంటే పాతదే మెత్తగా ఉండి వెంట్రుకను రాపిడి పెట్టదు. ఆ గుడ్డను ఏ రోజుకారోజు ఉతకాల్సిందే. ఇంటికి రాగానే హెల్మెట్‌ను బోర్లా కాకుండా వెల్లకిలా, గాలి తగిలేచోట పెట్టండి. లోపలి మెత్త తడిగా ఉండిపోతే మర్నాడు మళ్లీ ఆ చెమటలోనే తల పెట్టినట్టు.

గుడ్డ కట్టని రోజుల్లో ఎండ నేరుగా తగిలేది పాపిట దగ్గర చర్మానికి. కందిపోయి చురచురలాడుతుంది. అప్పుడప్పుడూ పాపిట మార్చి తీస్తే కొంత నయం.

ఇక తలస్నానం. జుట్టును పాడుచేసేవాటిలో ఎండ తర్వాతి స్థానం నా లెక్కలో దీనిదే, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పొద్దున్నే తలంటుకుని, తడి ఆరకుండానే జడ వేసి హెల్మెట్ పెట్టుకుని బయల్దేరేవాళ్లు ఎంతమందో. తడిసిన వెంట్రుక ఉబ్బి బలహీనపడుతుంది, సాగదీస్తే ఇట్టే తెగుతుంది. లోపల ఆవిరికి చర్మం నానిపోయి వాసన, దురద, చుండ్రు. అందుకని వేసవిలో నేను సాయంత్రాలకు మారాను. మా అత్తగారికి శుక్రవారం తలంటు తప్పనిసరి. సరే, శుక్రవారమే, కాకపోతే పొద్దుగూకే వేళకు. ఆ రాజీ ఇద్దరికీ సరిపోయింది.

అయితే సాయంత్రం నాలుగింటికి కుళాయి తిప్పి చూడండి. మేడ మీది నల్ల ట్యాంకులో రోజంతా కాగిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. వాటితో తల తడిపితే చర్మంలో ఉన్న కాస్త జిడ్డూ పోతుంది, పొలుసులు రేగుతాయి. నేను తెల్లవారుజామునే రెండు బకెట్లు పట్టి స్నానాల గదిలో పెట్టుకుంటాను. మీది బోరు నీళ్లయితే ఇంకో మాట. బకెట్ అంచున, షవర్ రంధ్రాల దగ్గర తెల్లటి పొర పేరుకుంటోందంటే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్నట్టు. జుట్టు మీదా అదే పేరుకుంటుంది. తల రుద్దడానికి సబ్బు అసలు వాడకండి, ఆ నీళ్లలో అది జిగట మడ్డిగా మారి అతుక్కుపోతుంది. మున్సిపల్ కుళాయి నీళ్లు దొరికితే చివరి రెండు చెంబులూ వాటితో పోసుకోండి.

షాంపూ అయినా కుంకుడుకాయ అయినా కుదుళ్లకే. చెమట పట్టేది అక్కడ, మురికి ఉండేది అక్కడ. షాంపూను చెంబెడు నీళ్లలో కలిపి మాడు మీద పోసుకుని వేళ్ల కొనలతో రుద్దితే, జారే నురగే చివర్లకు సరిపోతుంది. నూనె సరిగ్గా దీనికి ఉల్టా. చుండ్రుకు కారణమయ్యే మలసేజియా అనే శిలీంధ్రం మన చర్మం మీది కొవ్వు మీదే బతుకుతుంది. చెమటతో తడిసి ఉన్న మాడుకు గిన్నెడు నూనె పట్టించి రెండు రోజులు ఉంచుకోవడం దాన్ని పిలిచి విందు పెట్టడమే. చెవుల కిందినుంచి చివర్ల దాకా మాత్రం నూనె కావాలి. తలస్నానానికి ముందు గంటో, ముందు రాత్రో, చిన్న చెంచాడు కొబ్బరినూనె. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా జుట్టులో ప్రోటీను నష్టాన్ని గుర్తించదగినంతగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి పోగలదని వాళ్ల వివరణ. ఆ పరిశోధన చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్లేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. నా వరకు మాత్రం దువ్వెనలో తెగిన ముక్కలు తగ్గాయి.

కుంకుడు రసంలో మందారాకు కలిపే మా అమ్మ పద్ధతిని నేను వదల్లేదు. గుప్పెడు ఆకులు నీళ్లలో నలిపితే చిక్కటి జిగురు వస్తుంది. దాన్ని గుడ్డలో వడకట్టాలి, లేకపోతే ఆకు తునకలు జుట్టులో ఇరుక్కుని మర్నాటి దాకా రాలుతూనే ఉంటాయి. ఆ జిగురు జుట్టు పొడవునా పట్టించి కడిగితే చిక్కు జారిపోతుంది. అది చేసే మేలు ఆ జారుడే. జుట్టు ఒత్తుగా మొలిపించే శక్తులేవీ దానికి అంటగట్టకండి. తీరిక లేకపోతే బజారులో దొరికే కండిషనర్ కూడా ఇదే పని చేస్తుంది.

నిమ్మకాయ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చుండ్రుకని నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లకండి. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే పొక్కులు లేచి, నల్లటి మచ్చలు వారాల తరబడి ఉండిపోతాయి. జుట్టు రంగు కూడా వెలుస్తుంది.

ఆరబెట్టుకోవడానికి మేడ ఎక్కి ఎండలో నిలబడటం, తువ్వాలుతో ఫటఫట కొట్టడం మానేయండి. పాత పంచెతో అద్ది, నీడలో ఫ్యాను కింద కూర్చుంటే మే నెలలో ఎంతసేపు పడుతుంది గనుక! డ్రయ్యర్ తప్పదంటే జానెడు దూరంలో పట్టుకుని ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. 15 సెంటీమీటర్ల దూరం నుంచి కదుపుతూ వాడితే నష్టం తక్కువని 2011లో కొరియా పరిశోధకులు చూపించారు. తడి జుట్టు మీద స్ట్రెయిటనర్ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు లేస్తాయి, ఆ బుడగ ఉన్నచోట అది విరుగుతుంది. వేసవిలో ఆ పెట్టెను అటక ఎక్కించడం మేలు.

ఒంట్లో వేడి మాటకు వస్తే, మజ్జిగ తాగండి, సబ్జా గింజలు నానబెట్టుకోండి, తాటిముంజలు దొరికినన్నాళ్లూ తినండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మనుషులం మనమెంత! ఈ చలవ చేసేవన్నీ వడదెబ్బ తగలకుండా కొంత సాయపడతాయి గానీ పీచులా అయిన జడను నున్నగా చేయవు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. దువ్విన ప్రతిసారీ గుప్పెడు వస్తోందంటే గత రెండు మూడు నెలల్లో పెద్ద జ్వరం ఏదైనా వచ్చిందా అని గుర్తు చేసుకోండి, దాని ప్రభావం అంత ఆలస్యంగా బయటపడుతుంది. రక్త పరీక్షా చేయించుకోండి, ఒంట్లో రక్తం తక్కువైనా జుట్టు ఊడవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతమంది ఇళ్లలోనూ నెపం ఎండ మీదికే పోతుంటుంది. రూపాయి బిళ్లంత మేర జుట్టు పోయి చర్మం కనిపిస్తే మాత్రం ఇంటి వైద్యాలతో కాలం గడపకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

సీరం అన్నారు. సిలికోన్ ఉన్నవి వెంట్రుక మీద పల్చటి పూత వేసి రాపిడి తగ్గిస్తాయి, స్కూటర్ మీద తిరిగేవాళ్లకు అది పనికొచ్చేదే. చివర్లకు రెండు చుక్కలు, మాడుకు వద్దు. చవకదైనా ఫరవాలేదు. కానీ చీలిన చివర్లను అతికించే మందు ఏ సీసాలోనూ లేదు, దానిమీద ఏమి రాసి ఉన్నా సరే. ఆ రాగి రంగు తిరిగినవి రెండంగుళాలు కత్తిరించేయించండి. మంగళ, శుక్రవారాలు మా ఇంట్లో కత్తెర పెట్టనివ్వరు. మీ ఇంట్లోనూ అంతే అయితే ఆదివారం పెట్టుకోండి, కాకపోతే ఆ రోజు పార్లర్‌లో రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లాలి.