ఎండాకాలం పాలు పల్చబడితే పాలాయన్నే అనాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం మారతహళ్లిలో ఉంటాం, పక్క వీధిలో నాలుగు ఆవులున్న ఆయన దగ్గర రోజూ రెండు లీటర్లు పోయించుకుంటాం. సంక్రాంతప్పుడు మీగడ మందంగా కట్టేది, ఏప్రిల్ వచ్చేసరికి పాలు మరీ పల్చగా అయిపోయాయి. అడిగితే "నీరు హాకిల్ల అమ్మ" (నీళ్లు కలపలేదమ్మా) అని ఒట్టేస్తున్నాడు. మా అత్తగారేమో మాన్పించేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అప్పుడే మాన్పించకండమ్మా, ఆయన నిజమే చెప్తుండొచ్చు. మన బెంగళూరు చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి హెచ్‌ఎఫ్, అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకరజాతి ఆవులు, చలిదేశం రక్తం, ఎండ 25, 26 డిగ్రీలు దాటిందంటే వాటికి ఇబ్బంది మొదలైనట్టే, ఏప్రిల్లో ఇక్కడ మధ్యాహ్నం 34 దాకా పోతుంది కదా, రేకుల షెడ్డు కిందైతే ఇంకా ఎక్కువ. ఒళ్లు వేడెక్కిన ఆవు మేత తగ్గించేస్తుంది, అందులోనూ ముందు వదిలేసేది ఎండుగడ్డే, ఎందుకంటే గడ్డి పొట్టలో పులిసి అరిగేటప్పుడు ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది. దాణా మాత్రం తినేస్తుంది. వెన్న పోయేది అక్కడే.

ఎలాగంటే, ఆవు పెద్దపొట్టలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి, గడ్డిలో పీచుని పులియబెట్టేది అవే, అలా పులిసినప్పుడు అసిటేట్ ఎక్కువగా వస్తుంది, పొదుగు దాన్ని తీసుకుని వెన్న తయారుచేసుకుంటుంది. దాణాలో ఉండే పిండిపదార్థం పులిస్తే ప్రొపియోనేట్ వాటా పెరుగుతుంది, అది లివర్లో గ్లూకోజ్ అయి, తర్వాత పొదుగులో పాలచక్కెర అవుతుంది, ఆ చక్కెర ఎంత తయారైతే పాలలోకి నీళ్లు అంత లాగుతుంది. మోటుగా చెప్పాలంటే గడ్డి వెన్ననిస్తుంది, దాణా లీటర్లనిస్తుంది. చలికాలంలో ఆవు హాయిగా గడ్డి మేస్తుంది, నెమరేస్తుంది, అందుకే మీకు సంక్రాంతికి ఆ మీగడ.

అయినా అనుమానం తీరకపోతే ఒక లాక్టోమీటర్ కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. ఆవుపాలకి మామూలుగా 28 నుంచి 32 మధ్య చూపిస్తుంది. నీళ్లు కలిపితే రీడింగ్ బాగా కిందికి పడుతుంది. వెన్న ఒక్కటే తగ్గితే అలా పడదు, వెన్న నీళ్లకంటే తేలిక కదా, అది తగ్గితే రీడింగ్ కాస్త పెరుగుతుంది కూడా. పితికిన వెంటనే నురగతో వేడిగా ఉన్నప్పుడు చూడకండి, చల్లారాక చూడండి. కాకపోతే వెన్న తీసేసి, పైన నీళ్లు కూడా పోస్తే రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంది, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో మనిషిని దొంగ అనీ దొర అనీ తేల్చేయొద్దు.

ఇంకో సంగతి, మీకు పోసేవి పితకడంలో మొదట్లో వచ్చిన పాలా, చివరివా? మొదటి ధారల్లో వెన్న ఒకటి రెండు శాతమే ఉంటుంది, చివరి ధారల్లో అంతకి ఎన్నో రెట్లు ఉంటుంది. మొదటివీ చివరివీ అన్నీ ఒక బకెట్లో కలిపి పోయమని అడగండి. సాయంత్రం పాలు పోయించుకుంటే ఇంకా మంచిది, తెల్లారుజామున పితికి మళ్లీ మధ్యాహ్నం మూడింటికే పితికేస్తారు కాబట్టి ఆ పూట పాలు తక్కువ, చిక్కదనం ఎక్కువ. ఇవన్నీ అడుగుతూనే, ఆయనకి ఎండుగడ్డి రాత్రి చల్లబడ్డాక వేయమనీ, తొట్టిలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంచమనీ చెప్పండి. ఎండాకాలం పాలిచ్చే ఆవు రోజుకి 60, 70 లీటర్ల పైన కూడా తాగుతుంది, ట్యాంకర్ నీళ్లు కొనే ఏరియాల్లో పాపం ముందు కోత పడేది దాని తొట్టికే, అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ప్రశ్న: మరి నందిని ప్యాకెట్ పాలు ఏడాదంతా ఒకేలా ఎలా ఉంటాయండీ? ఏమైనా కలుపుతారా? (యెలహంక నుంచి)

జవాబు: వేల ఆవుల పాలు ఒకచోట చేర్చి, వెన్న తీసి మళ్లీ లెక్కప్రకారం కలుపుతారు, అవసరమైతే పాలపొడి కూడా. టోన్డ్ అంటే వెన్న 3 శాతం, మిగతా ఘనపదార్థం, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 శాతం, ఫుల్ క్రీమ్ అంటే 6, 9. అది నిబంధన. అందుకే కాలం మారినట్టు మీకు తెలీదు. కానీ ఒకసారి తెలిసింది, 2024 జూన్‌లో ప్యాకెట్‌కి 50 ఎంఎల్ పెంచి రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నారు గుర్తుందా? రోజుకి కోటి లీటర్ల దగ్గరికి పాలు వచ్చి పడుతున్నాయి అన్నారు అప్పుడు. వానలు పడి పచ్చిమేత దొరికితే కర్ణాటకలో పాలు అలా పొంగుతాయి.

ప్రశ్న: మేడమ్, మాది హోస్కోటె దగ్గర, చిత్తూరు నుంచి వచ్చి తోట కౌలుకి చేస్తున్నాం, ఆరు ఆవులున్నాయి. జులైలో నేపియర్ గడ్డి బాగా వచ్చింది, పాలు పెరిగాయి, కానీ సొసైటీలో ఫ్యాట్ 3.8 నుంచి 3.1కి పడిపోయింది, రేటు తగ్గిస్తున్నారు. దాణా ఇంకో కేజీ పెంచమంటారా?

జవాబు: వద్దు బాబూ, దాణా పెంచితే ఫ్యాట్ ఇంకా దిగుతుంది! వానలకి గబగబా పెరిగిన లేత గడ్డిలో ఎక్కువ భాగం నీళ్లే, గంపెడు తిన్నట్టు కనిపిస్తుంది గానీ పీచు తక్కువ, ఆవు నమిలేదీ తక్కువే. నమిలి నెమరేస్తేనే లాలాజలం ఊరుతుంది, అందులోని సోడా పెద్దపొట్టలో పులుపుని తగ్గిస్తుంది, పులుపు ఎక్కువైతే పీచుని అరిగించే సూక్ష్మజీవులే దెబ్బతింటాయి. కాబట్టి నేపియర్ని మరీ లేతగా కోయకుండా 45 రోజులు దాటనివ్వండి, కోసిన వెంటనే వేయకుండా ఒక పూట వాడిపోనివ్వండి, ముఖ్యంగా పొద్దున దాణాకి ముందే ఎండు రాగిగడ్డి వేయండి. మీ పక్క రాగిగడ్డికి కొదవ లేదు కదా, వరిగడ్డి కన్నా అదే మంచిది కూడా. గడ్డిని మరీ సన్నగా, పొడిలాగా కొట్టకండి, అంగుళం ముక్కలు చాలు. తేమ తీసేసి లెక్కేస్తే మొత్తం మేతలో దాణా సగం దాటకుండా చూసుకోండి, పెట్టేదైనా ఒకేసారి కుమ్మరించకుండా మూడు నాలుగు సార్లుగా పెట్టండి. మేత మార్చాలన్నా వారం పది రోజులు మెల్లగా మార్చాలి. ఫ్యాట్ లేవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కంగారుపడి రోజుకో ప్రయోగం చేయకండి.

ఒక ఆవు పాలు మాత్రమే తేడాగా, కొంచెం ఉప్పగా ఉంటే అది మేత కాదు, పొదుగువాపు అయి ఉంటుంది, వానల బురదలో ఇది ఎక్కువ, డాక్టర్ని పిలవండి. ఆ ఆవుకి మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక డాక్టర్ చెప్పిన గడువు దాకా ఆ పాలు ఎవరికీ పోయొద్దు. యాంటీబయాటిక్ ఉన్న పాలు తోడుకోవు కూడా.

ప్రశ్న: కేఆర్ మార్కెట్ నుంచి క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు తెచ్చి వేస్తాం, పాలు వాసనొస్తున్నాయని కస్టమర్లు అంటున్నారు.

జవాబు: ఆ వాసన ఆకులదే, ఉల్లి, వెల్లుల్లి తొక్కలైతే ఇంకా ఘాటు. పితకబోయే ముందు కొన్ని గంటలు అవి పెట్టకుండా, పితికాకే వేయండి, అదీ కొద్దిగా. వయ్యారిభామ కలుపుమొక్క కలిసిందేమో కూడా చూడండి, దానివల్ల పాలకి చేదొస్తుంది.

ప్రశ్న: వేరుశనగ చెక్క చవగ్గా వచ్చింది, వానకి కాస్త బూజు పట్టింది. ఎండబెట్టి ఆవులకి పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దు, దయచేసి పెట్టొద్దు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు, ఆవు తింటే దాని ఒంట్లో రూపం మారి ఎం1 అనే పేరుతో పాలలోకి దిగుతుంది, పాలు ఎంత కాచినా పోదు. లివర్‌కి చేటు, క్యాన్సర్ భయం కూడా, పైగా ఎక్కువ తాగేది చిన్నపిల్లలు. లీటరుకి అర మైక్రోగ్రామ్ దాటకూడదని మన దేశంలో హద్దు పెట్టారంటే ఎంత ప్రమాదమో చూడండి. ఎండబెడితే బూజు కనపడదు గానీ విషం అలాగే ఉంటుంది. ఆ బస్తాలు వేరే పశువులకి కూడా అమ్మకుండా పూడ్చేయండి. ఇకమీదట చెక్క నెలకి సరిపడా మాత్రమే కొని, నేలకి తగలకుండా చెక్క పలకల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టండి.