ఇంట్లో తొక్కే సైకిల్ ఏది కొనాలి?.. ముందు ఆ ‘గ్యాస్’ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 52. బరువు 94 కిలోలు. పదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, మెటోప్రొలాల్‌తో పాటు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. బరువు తగ్గడానికి ఇంట్లో తొక్కే సైకిల్ కొనాలనుకుంటున్నాను. స్పిన్ బైక్, ఎయిర్ బైక్, వీపు ఆనించి తొక్కే రికంబెంట్ బైక్.. వీటిలో ఏది మంచిది? ఫ్లైవీల్ (పెడల్ తొక్కితే తిరిగే బరువైన చక్రం) ఎన్ని కిలోలు ఉండాలి? మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి తొక్కడానికి అరగంట ముందు డైక్లోఫెనాక్ మాత్ర వేసుకోవచ్చా? రెండు నెలలుగా మెట్లెక్కితే ఛాతీలో గ్యాస్ పట్టేసినట్టుంటోంది. కాసేపు నిలబడితే తగ్గిపోతోంది. దానికి గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. - ఒక పాఠకుడు

జవాబు: మీరు సైకిల్ గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కలే ఆందోళన కలిగించాయి. మెట్లెక్కితే వచ్చి, నిలబడితే పోయే బాధ గ్యాస్ అయ్యే అవకాశం తక్కువ. గ్యాస్ అయితే కూర్చున్నప్పుడూ వస్తుంది, తిన్నాకా వస్తుంది, మీరు ఆగారని అది ఆగదు. శ్రమతో మొదలై విశ్రాంతితో తగ్గే ఛాతీ బరువును, వేరే కారణమని తేలేదాకా, గుండె రక్తనాళాల్లో అడ్డంకి వల్ల వచ్చే యాంజైనాగానే అనుమానించాలి. పదేళ్ల షుగర్, దానికి తోడు బీపీ ఉన్న మీ విషయంలో ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకు నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. ఆయాసం, చెమటలు, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించొచ్చు.

రెండు నెలలు ఎందుకు ఊరుకున్నారు? సరే, ఇప్పుడైనా ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. ఈసీజీ నార్మల్ అని కాగితం చేతికి రాగానే సంబరపడి ఇంటికి వచ్చేయొద్దు. పడుకోబెట్టి తీసే ఈసీజీ, ఆ క్షణంలో బాధ లేకపోతే, నార్మల్‌గానే రావచ్చు. ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), సీటీ యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల స్కాన్).. వీటిలో మీకు ఏది కావాలో వాళ్లు నిర్ణయిస్తారు. టీఎంటీకి ముందు, గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ ఆపాలా వద్దా అన్నదీ వాళ్లే చెప్పాలి. ఈ మాత్రను సొంతంగా, ఉన్నట్టుండి ఆపేస్తే యాంజైనా ముదిరే ప్రమాదం ఉంది. ఈలోగా బాధ ఏ పనీ చేయకుండానే వచ్చినా, రోజురోజుకూ తక్కువ శ్రమకే వస్తున్నా, పది నిమిషాలైనా తగ్గకపోయినా, దవడకో చేతికో పాకినా గ్యాస్ మాత్ర కోసం వెతక్కండి. అంబులెన్స్ పిలిపించుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి, బండి మీరే నడపొద్దు.

ఇక డైక్లోఫెనాక్. వ్యాయామం చేయడానికి నొప్పి మాత్ర ముందే వేసుకోవడమనే అలవాటు ఈమధ్య చాలామందిలో చూస్తున్నాం. మీ మందుల జాబితాతో అయితే అది అస్సలు కుదరదు. కిడ్నీ వడపోత లోపలికి వచ్చే రక్తపు ఒత్తిడి మీద ఆధారపడి పనిచేస్తుంది. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని, ఉప్పును మూత్రంలో పంపేస్తుంది. ఈ మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడే పడిపోతుంది. దాని మీద మీరు ఫ్యాన్ లేని గదిలో అరగంట చెమటలు కక్కితే, నిన్నటిదాకా బాగున్న కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ కూడా ఒంట్లో పేరుకుంటుంది. ఇవి చాలవన్నట్టు డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లలో గుండెపోటు ముప్పునూ పెంచుతుంది. ‘అరగంట ముందు ఒక్క మాత్రే కదా’ అంటారు. రోజూ ఒకటైతే నెలకు ముప్పై. పైగా నొప్పి తెలియకుండా చేసి తొక్కిస్తే, సీటు తప్పుగా పెట్టుకున్న సంగతి మోకాలు మీకు చెప్పే దారి కూడా మూసుకుపోతుంది. ఇప్పటికే కొన్నాళ్లుగా వేసుకుంటుంటే కిడ్నీ పరిస్థితి తెలిపే సీరమ్ క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. మోకాలికి పూత మందు సరిపోతుందా, ఇంకేదైనా కావాలా అన్నది ఆర్థోపెడిక్ డాక్టర్ చూసి చెప్పాలి. ఎక్స్‌రే తీయించుకుంటే నిలబడి తీయించుకోండి. పడుకుని తీస్తే కీలు అరుగుదల తక్కువగా కనిపిస్తుంది.

గుండె డాక్టర్ వ్యాయామానికి అనుమతి ఇచ్చారనుకుని సైకిల్ సంగతి చెబుతున్నాను. మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని ప్రిస్క్రిప్షన్‌గా తీసుకోవద్దు.

మీ మూడింటిలో రికంబెంట్‌కే నా ఓటు. బరువు పిర్రల మీదా వీపు మీదా పరుచుకుంటుంది, ఎక్కడం దిగడం తేలిక, నడుముకు ఆసరా ఉంటుంది. స్థలం సరిపోకపోతే నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిల్, మాగ్నెటిక్ రెసిస్టెన్స్‌ది (అయస్కాంతంతో బిగుతు పెట్టేది) తీసుకోండి. బ్రేక్ ప్యాడ్‌తో రాపిడి పెట్టేవి వాడేకొద్దీ అరుగుతాయి, వాసనొస్తాయి, నిన్న పెట్టిన బిగుతు ఇవాళ ఉండదు. ఎయిర్ బైక్ మీకు ఇప్పట్లో వద్దు. ఎంత వేగంగా తొక్కితే ఫ్యాన్ అంత ఎదురు తిరుగుతుంది, చేతులూ కాళ్లూ కలిసి పనిచేయడంతో గుండె మీద భారం తెలియకుండానే పెరిగిపోతుంది. చాలా స్పిన్ బైక్‌లలో ఫ్లైవీల్ పెడల్‌కి నేరుగా ముడిపడి ఉంటుంది. మీరు ఆపినా పెడల్ తిరుగుతూనే ఉండి కాలిని లాక్కుపోతుంది, ఎర్ర నాబ్ నొక్కితేనే ఆగుతుంది. కళ్లు తిరిగినప్పుడు ఆ నాబ్ గుర్తుంటుందన్న నమ్మకం నాకు లేదు.

ఫ్లైవీల్ బరువు గురించి మరీ తల పట్టుకోవద్దు. 20 కిలోల చక్రం ఉన్నంత మాత్రాన మోకాలికి మేలు జరగదు. పెడల్ పూర్తి చుట్టు కుదుపు లేకుండా తిరుగుతోందా, అతి తక్కువ బిగుతులో నిజంగా తేలిగ్గా ఉందా అని కూర్చుని చూడండి. తూకం విషయంలో మాత్రం రాజీ వద్దు. మీరు 94 కిలోలు కాబట్టి కనీసం 120 కిలోలు మోస్తుందని రాసి ఉన్నదే కొనండి. మడత పెట్టే తేలికపాటి సైకిళ్లలో చాలావాటి పరిమితి 100 కిలోలే, కాస్త పక్కకు వంగితే ఊగుతాయి. మామూలు సైకిల్‌కి సీటు పైకీ కిందకీ మాత్రమే కాదు, ముందుకీ వెనక్కీ కూడా జరగాలి. కొనేవాళ్లు చాలామంది స్క్రీన్ చూసి మురిసిపోయి, ఇది చూడటం మరిచిపోతారు.

సీటు ఇలా పెట్టండి. పెడల్ బాగా కిందికి దించి, దాని మీద మడమ ఆనించండి. అప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము పక్కకు జారకూడదు. తర్వాత పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు తక్కువైతే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరిగి ముందు భాగం నొప్పెడుతుంది. మరీ ఎక్కువైతే నడుము అటూఇటూ ఊగి, మోకాలి వెనక లాగుతుంది. రికంబెంట్‌లో పెడల్ మీకు అత్యంత దూరంగా ఉన్నప్పుడు ఇదే లెక్క.

మొదటి రెండు వారాలు పది నిమిషాలు చాలు. బిగుతు తక్కువ, నిమిషానికి 60-70 చుట్లు. ఎక్కువ బిగుతుతో నెమ్మదిగా తొక్కడం మోకాళ్లకు చేటు. మెషిన్ మీద వయసుకు తగ్గ గుండె వేగం అని పట్టీ ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని పెరగనివ్వదు కాబట్టి ఆ అంకెలు మీకు వర్తించవు. వాటిని అందుకోవాలని పోతే ప్రమాదం. తొక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టు. కరిగిన కేలరీలంటూ చూపే అంకె కూడా అంతంతమాత్రమే, ఆ లెక్క చూసుకుని అదనంగా తినొద్దు.

షుగర్‌ను మరీ దించేసే అవకాశమున్న గ్లిమెపిరైడ్ వాడుతున్నారు కాబట్టి తొక్కే ముందు షుగర్ చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని, పెరిగాకే ఎక్కండి. 70 కంటే దిగితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు మెటోప్రొలాల్ వల్ల తెలియకపోవచ్చు. ముఖ్యంగా మిగిలే సూచన చెమట పట్టడమే, సైకిల్ మీద అదీ మామూలు చెమటే అనిపిస్తుంది. తొక్కిన కొన్ని గంటల తర్వాత కూడా షుగర్ తగ్గొచ్చు. మాత్ర మోతాదు తగ్గించాలేమో మీ డాక్టర్ని అడగండి, మీరే తగ్గించొద్దు. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే పాదాలకు గాయమైనా తెలియకపోవచ్చు కాబట్టి బూట్లు లేకుండా తొక్కొద్దు, దిగాక పాదాలు చూసుకోండి.

ఉన్నట్టుండి ఆపి దిగొద్దు. బీపీ మాత్రలు వాడేవాళ్లకు రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగొచ్చు. చివరి ఐదు నిమిషాలు బిగుతు తీసేసి నెమ్మదిగా తిప్పండి. ఎదురుగా ఫ్యాన్ ఉండాలి, ఇంట్లో తొక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు కాబట్టి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. తొడలు విపరీతంగా నొప్పెట్టి, మూత్రం ముదురు టీ రంగులో వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. అది కండరాలు దెబ్బతిన్న గుర్తు కావచ్చు.

టీఎంటీ లేదా యాంజియో రిపోర్టు, క్రియాటినిన్ విలువ చేతికొచ్చాక మళ్లీ రాయండి. అప్పుడు ఎంతసేపు, ఎంత బిగుతుతో తొక్కొచ్చో మాట్లాడుకుందాం. అప్పటిదాకా సైకిల్ ఆర్డర్ పెట్టొద్దు, మెట్లు తప్పనిసరైతే మధ్యలో ఆగుతూ ఎక్కండి.