జవాబు: పరిచర్య ఉంది, ఫలం మాత్రం కనిపించడం లేదు

వందనాలు సిస్టర్. క్వయర్, సండే స్కూల్, ఉపవాస కూడికలు అన్నీ చేస్తున్నా లోపల ఎండిపోయినట్టుందని, ఇంట్లో కోపం తగ్గడం లేదని రాశారు.

యోహాను 15వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. అక్కడ యేసు తాను ద్రాక్షావల్లినని, శిష్యులు దాని తీగెలని అంటాడు. తీగెకు ప్రభువు అప్పగించిన పని ఒక్కటే, వల్లిలో నిలిచి ఉండడం. ఫలం ఆ తర్వాత వస్తుంది. పైగా ఈ మాటలు ఆయన సిలువకు ముందు రాత్రి చెప్పాడు. వింటున్న శిష్యుల్లో ఒకడైన పేతురు తెల్లవారేలోపు ఆయన్ని ఎరుగనన్నాడు. అలాంటివాళ్లతోనే "నాయందు నిలిచియుండుడి" అన్నాడు కాబట్టి, మీ కోపం చూసి ఆయన మిమ్మల్ని వదిలేస్తాడని టెన్షన్ పడకండి.

గలతీయులకు 5:22, 23లో ఉన్న ఆత్మఫలంలో ప్రేమ, దీర్ఘశాంతము, ఆశానిగ్రహము ఉన్నాయి గానీ ప్రోగ్రాముల లెక్క లేదు. (మన సంఘాల్లో ఎక్కువగా మెచ్చుకునేది మాత్రం ఆ లెక్కనే!) బేతనియలో యేసును తన ఇంట చేర్చుకున్న మార్త చేసిన వంటను యేసు తప్పుపట్టలేదు, ఆమె తొందరను, విచారాన్ని ఎత్తిచూపాడు.

నా సలహా: పాస్టర్ గారితో మాట్లాడి, ఏదో ఒక బాధ్యత కొన్ని నెలలు పక్కన పెట్టండి. ఆ సమయంలో ఒక్క కీర్తన చదవండి, పాఠం తయారీ కోసం కాదు, మీ కోసమే. ఇంట్లో ఎవరి మీద కోపం వచ్చిందో వాళ్ల పేరు చెప్పి ప్రార్థించండి. వీలైతే అదే రోజు వాళ్లను క్షమాపణ అడగండి. మొదట్లో ఏమీ అనిపించకపోయినా మానకండి.