పసుపు నూనెను పొడిగా మార్చే ప్రాజెక్టు: ఒక బీఫార్మసీ విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: నేను వరంగల్‌లో బీఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆర్మూర్ దగ్గర మాకు పసుపు చేను ఉంది. పసుపు నూనెను స్ప్రే డ్రయ్యింగ్‌తో మైక్రోక్యాప్సూల్స్‌గా, అంటే పొర చుట్టిన సూక్ష్మ రేణువులుగా మార్చడాన్ని ప్రాజెక్టుగా తీసుకోవచ్చా? తర్వాత ఏం చదవాలి?

సమాధానం: తప్పకుండా తీసుకోండి. యంత్రం నడపడం కొద్ది రోజుల్లో వస్తుంది. పొడిలో నూనె ఎంత నిలిచిందో, ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చి చెప్పగలగడమే ఈ రంగంలో మీకు విలువ తెచ్చే నేర్పు.

సుగంధ తైలాలు తొందరగా ఆవిరవుతాయి, గాలి తగిలితే ఆక్సీకరణ చెంది వాసన మారతాయి. అందుకే పొర కట్టే పదార్థాలైన గమ్ అరబిక్ (తుమ్మ బంక), మాల్టోడెక్స్‌ట్రిన్ కరిగించిన నీటిలో నూనెను సన్నని ఎమల్షన్‌గా (పాలలా కలిసిన ద్రవంగా) చేసి, సాధారణంగా 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ ఉండే వేడిగాలిలోకి తుంపరగా చిమ్ముతారు. అంత వేడికి నూనె మిగులుతుందా అని మీ నాన్నగారు అడగవచ్చు. చెమట ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడినట్లే, నీరు ఆవిరవుతున్నంతసేపు తుంపర బిందువు గాలికి ఉన్నంత వేడికి చేరదు. ఆలోగా దాని చుట్టూ కట్టిన పొర చిన్నవైన నీటి అణువులను బయటికి పోనిచ్చి, పెద్దవైన నూనె అణువులను చాలావరకు లోపలే ఆపుతుంది.

నూనెను ఆవిరితో వేరుచేసి కొలిచే క్లెవెంజర్ పరికరం మీకు ఫార్మకాగ్నసీ (సహజ మూలాల మందుల శాస్త్రం) ల్యాబులో పరిచయమైనదే. పొడిలోని మొత్తం నూనె దానితో తెలుస్తుంది. మరికొంత పొడిని హెక్సేన్ అనే ద్రావకంతో కాసేపు కడిగి, వడపోసిన ద్రవాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీలో (ఆవిరిగా మార్చి భాగాలను వేరుచేసి కొలిచే పద్ధతిలో) పరీక్షిస్తే రేణువుల పైన అంటుకున్న నూనె తేలుతుంది. హెక్సేన్‌ను ఆరబెట్టి మిగిలినదాన్ని తూచే పద్ధతి ఇక్కడ నమ్మదగినది కాదు, ఎందుకంటే తైలం కూడా దానితో పాటే కొంత ఎగిరిపోతుంది. పైనున్న నూనె ఎక్కువైతే, పొడి చూడటానికి ఎంత బాగున్నా త్వరగా పాడవుతుంది. వానాకాలంలో కొంత పొడిని మూత లేకుండా ఉంచి చూడండి: తేమ పీల్చి, జిగటగా మారి, గడ్డకడుతుంది, పొర మెత్తబడి వాసన బయటికి వస్తుంది. కాబట్టి 40 డిగ్రీలు, 75 శాతం తేమ వద్ద చేసే స్థిరత్వ పరీక్షను ప్రాజెక్టులో వదలకండి.

చదువు విషయంలో, ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష అయిన జీప్యాట్ రాసి ఫార్మాస్యూటిక్స్‌లో (మందుల తయారీ శాస్త్రంలో) పీజీ చేయడం మీకు తగిన దారి. హైదరాబాద్ నైపర్‌ను (జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థను) లక్ష్యంగా పెట్టుకోండి. తైలాల పరిశ్రమ ఒక్కదాన్నే నమ్ముకుంటే అవకాశాలు తక్కువ, కానీ నీటిలో సరిగా కరగని మందులను పొడి చేయడానికి ఔషధ కంపెనీలు ఇదే స్ప్రే డ్రయ్యింగ్‌ను వాడతాయి. నిజామాబాద్‌లో 2025లో జాతీయ పసుపు బోర్డు మొదలైనందుకు నాకూ సంతోషమే, అయినా ఉద్యోగాలు వెంటనే వస్తాయని లెక్క వేసుకోకండి. తైలం తీసే పద్ధతులపై సందేహాలుంటే హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రాన్ని సంప్రదించండి.

కొమ్ము నూనెతో పాటు ఆకు నూనెను కూడా పరీక్షించమని నా సలహా. కొమ్ము నూనెలో టర్మెరోన్లు అనే పదార్థాలు ప్రధానం. ఆకులో ఎక్కువగా ఉండే ఆల్ఫా ఫెలాండ్రీన్ మరింత తేలిగ్గా ఎగిరిపోతుంది కనుక, దాన్ని నిలపడమే అసలు పరీక్ష. తవ్వకానికి ముందు ఆకు కోసేటప్పుడే మీ చేను నుంచి ఒక బస్తా తెప్పించుకోండి.