జ్ఞాపకం ఉన్న నాయిస్‌పై ప్రాజెక్టు తీసుకోవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సందిగ్ధ బిందువు (క్రిటికల్ పాయింట్, అంటే పదార్థం ఒక దశ నుంచి మరో దశకు మారే చోటు) దగ్గర వ్యవస్థల గమనాన్ని జ్ఞాపకం ఉన్న నాయిస్ (గత తోపులతో సంబంధం ఉండే యాదృచ్ఛిక తోపులు) ఎలా మారుస్తుందనే అంశాన్ని మా గైడ్ ప్రాజెక్టుకు సూచించారు. అది మరీ ఇరుకైన అంశమని సీనియర్లు అంటున్నారు. నాన్నగారేమో బీఈడీ చేసి టీచరు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకోండి. సీనియర్లు అన్నది నిజమే, అంశం ఇరుకైనదే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అది లోపమేమీ కాదు. విశాలమైన అంశాలు తీసుకున్నవాళ్లు చాలామంది చివరికి సమీక్షా వ్యాసం రాసి ఊరుకుంటారు.

ముందు అసలు ప్రశ్న ఏమిటో చూడండి. అయస్కాంతత్వం పోయే సందిగ్ధ ఉష్ణోగ్రత దగ్గరికి వస్తే అయస్కాంతం మందగిస్తుంది. కుదురుకోవడానికి పట్టే కాలం అదుపు లేకుండా పెరుగుతుంది. వ్యవస్థ పొడవుతో పాటు ఆ కాలం ఎంత వేగంగా పెరుగుతుందో జెడ్ అనే ఘాతాంకంతో కొలుస్తారు. హోహెన్‌బర్గ్, హాల్పెరిన్ 1977లో ఇలాంటి గమనాలను తరగతులుగా విడదీసిన ప్రసిద్ధ వ్యాసంలో నాయిస్ వైట్ నాయిసే. అంటే ఈ క్షణపు తోపుకు, మరుక్షణపు తోపుకు సంబంధం ఉండదు.

నాయిస్‌కు జ్ఞాపకం ఉంటే? అది ఎంతకాలం నిలుస్తుందన్నదే కీలకం. 1930 నాటి ఊలెన్‌బెక్, ఓర్న్‌స్టైన్‌ల నమూనాలో లాగా వేగంగా చెరిగిపోయే జ్ఞాపకమైతే జెడ్ మారదు. నెలాఖరుకు తీరిపోయే చేబదులు ముప్పై ఏళ్ల ఇంటి అప్పు లెక్కను మార్చదు కదా, అలాగన్నమాట. కాలంతో ఘాత నియమం ప్రకారం మెల్లగా తగ్గే జ్ఞాపకం సంగతి వేరు. ఘర్షణకూ అదే జ్ఞాపకం ఉండి (అంటే అదీ గత కదలికలపై ఆధారపడి), తగ్గుదల ఘాతాంకం ఆల్ఫా ఒకటి కన్నా తక్కువైతే, సగటు క్షేత్ర లెక్కలో (చుట్టూ ఉన్న హెచ్చుతగ్గులను వదిలేసి సగటునే తీసుకునే ఉజ్జాయింపులో) జెడ్ విలువ 2 నుంచి 2/ఆల్ఫాకు పెరుగుతుంది. ఆల్ఫా 0.5 అనుకోండి, జెడ్ 4 అవుతుంది. వ్యవస్థ పొడవు రెట్టింపైతే కుదురుకునే కాలం 4 రెట్లకు బదులు 16 రెట్లు పెరుగుతుంది. అయినా సందిగ్ధ ఉష్ణోగ్రత, స్థిర ఘాతాంకాలు (కాలంతో సంబంధం లేనివి) అలాగే ఉంటాయి. నాకు ఈ అంశంలో బాగా నచ్చేది ఇదే.

జ్ఞాపకం నాయిస్‌కే ఉండి ఘర్షణకు లేకపోతే ఉష్ణ సమతౌల్యమే ఉండదు. అప్పుడు సందిగ్ధ బిందువు కూడా పక్కకు జరగవచ్చు. బాక్టీరియా గుంపుల వంటి సక్రియ పదార్థంపై (తనంతట తాను శక్తి ఖర్చు చేస్తూ కదిలేదానిపై) నేడు జరుగుతున్న పరిశోధనలో పెద్ద భాగం ఈ వైపే ఉంది.

పని మాత్రం క్షేత్ర సిద్ధాంతంతో మొదలుపెట్టకండి, మునిగిపోతారు. ముందు రెండు మితుల ఐసింగ్ నమూనాను (గళ్లలో పైకో కిందికో తిరిగి ఉండే చిన్న అయస్కాంతాల నమూనాను) కంప్యూటర్లో నడపండి. సందిగ్ధ ఉష్ణోగ్రత నమూనా సొంత ప్రమాణాల్లో 2.269 అని ఆన్‌సాగర్ 1944 పరిష్కారం నుంచి తెలుసు కాబట్టి మీ ప్రోగ్రాము సరిగ్గా ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. జ్ఞాపకం లేని ఈ నమూనాలో జెడ్ సుమారు 2.17 రావాలి (పైన చెప్పిన 2 సగటు క్షేత్ర ఉజ్జాయింపు). ఆ తర్వాత లాంజెవాన్ సమీకరణానికి (ఘర్షణ, నాయిస్ రెండూ ఉన్న గమన సమీకరణానికి) జ్ఞాపకం జోడించండి. వేర్వేరు కాలపరిమితులతో వేగంగా చెరిగిపోయే ఘాతీయ (ఎక్స్‌పొనెన్షియల్) జ్ఞాపకాలను కలిపితే ఘాత నియమాన్ని దాదాపుగా రాబట్టవచ్చు. ఐఐటీ మద్రాసులో ఆచార్యులుగా పనిచేసిన వి. బాలకృష్ణన్ ఎన్‌పీటీఈఎల్ (ఉచిత ఆన్‌లైన్) పాఠాలు దీనికి మంచి పునాది.

ఇక నాన్నగారి మాట. ఆయన భయం న్యాయమైనదే. ఈ అంశం పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. పీహెచ్‌డీ, ఆపై విదేశాల్లో పోస్ట్‌డాక్ చేసినా అధ్యాపక పోస్టులు తక్కువే. కానీ మీరు బీఈడీ ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. సీఎస్‌ఐఆర్ నెట్ పాసైతే డిగ్రీ కళాశాలలో బోధించే అర్హత వస్తుంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) కూడా వస్తే 2023 నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఇస్తారు, ఇంటి అద్దె భత్యం వేరు. ఈ అంకెలు ఇంట్లో చూపించండి. జెస్ట్ (ఫిజిక్స్ పీహెచ్‌డీ ప్రవేశాల ఉమ్మడి పరీక్ష) కూడా రాయండి, చెన్నై మేట్‌సైన్స్ (గణిత శాస్త్రాల సంస్థ), బెంగళూరు రామన్ సంస్థ వంటివి ఆ ర్యాంకు చూస్తాయి. పరిశోధన వద్దనిపించినా, యాదృచ్ఛిక ప్రక్రియలను అనుకరించే నైపుణ్యం డేటా, ఫైనాన్స్ రంగాల్లో పనికొస్తుంది.

రేపు గైడ్‌ను కలిసినప్పుడు ఒక్క విషయం అడగండి: మన నమూనాలో ఘర్షణకు కూడా జ్ఞాపకం ఉందా, నాయిస్‌కేనా? ఆయన వివరంగా చెబితే వెంటనే పేరు నమోదు చేయించుకోండి. దాటవేస్తే మాత్రం, ఆయన ఇంతకు ముందు చేయించిన ప్రాజెక్టు రిపోర్టులు రెండు అడిగి చదివాక నిర్ణయించుకోండి.